అమ్మ సంతకంలో ‘క్ష’

మా అమ్మ పేరులో ఒక ‘క్ష’ ఉంది. ముప్పై అయిదేళ్ళు దాటాక పలక పట్టిన మనిషికి ఆ ఒక్క అక్షరం ఎంత కష్టమో పక్కన కూర్చుని చూసినదాన్ని నేను. ‘క’ బాగానే రాసేది. కింద ‘ష’ వత్తు దగ్గరికి వచ్చేసరికి బలపం ఆగిపోయేది. కింది పెదవిని పళ్ళ కింద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు గుంజేది. ఆ వత్తు ఎప్పుడూ కింది గీత దాటి దొర్లిపోయేది. చీర చెంగుతో తుడిచి మళ్ళీ రాసేది.

అది 1991. మాది నెల్లూరు జిల్లాలో చెరువు కింద వరి పండించుకునే చిన్న ఊరు. అక్షరదీపం పేరుతో జిల్లా అంతా రాత్రి బళ్ళు పెట్టారు. మా వీధి బడి రామాలయం అరుగు మీద నడిచేది. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న ఒకబ్బాయి పాఠం చెప్పేవాడు, రూపాయి జీతం లేకుండా. పగలంతా నాట్లేసి, ఇంటికొచ్చి వండి పెట్టి, అంట్లు తోమి, పిల్లల్ని నిద్రపుచ్చి అప్పుడు ఒక్కొక్కరే లాంతరు చుట్టూ చేరేవాళ్ళు. నేను ఆరో తరగతి. అమ్మ పలక మోసే పని నాది. సగం మంది కూర్చునే నిద్రపోయేవాళ్ళు. కానీ మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎస్సీ కాలనీ వాళ్ళకు వేరే బడి ఉండేది, కాలనీలోనే, వేపచెట్టు కింద. గుడి అరుగు మీదికి వాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. రానిచ్చేవాళ్ళు కాదు అనడమే సరైన మాట. పదకొండేళ్ళ వయసులో నాకు అందులో ఏ తేడా కనపడలేదు. అమ్మకూ అప్పుడు కనపడలేదు.

చదువుకునే వాచకంలోనే సారా మీద పాఠం ఉండేది. అది చదివిన ఆడవాళ్ళు మా ఇంట్లో జరిగేదీ ఇదే కదా అనుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఇంకా ఎందరో ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించారన్న కబురు ఊరూరా పాకింది. 1992లో మా ఊరి ఆడవాళ్ళు కూడా చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని చెరువు కట్ట మీద కూర్చున్నారు. సారా ప్యాకెట్ల బండి ఊళ్ళోకి రావాలంటే ఆ కట్ట మీదుగానే రావాలి. వీధి ఆడవాళ్ళూ కాలనీ ఆడవాళ్ళూ భుజాలు రాసుకుని కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి. మా జేజి డెబ్బై ఏళ్ళ మనిషి, ఆమె కూడా కర్ర పట్టుకొచ్చి వాళ్ళ ముందు కూర్చుంది. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డుకున్నారని రేడియోలో చెప్తే మా వీధిలో పండగ చేసుకున్నారు.

1993 ఏప్రిల్ 15న మా జిల్లాలో సారా ఆపేశారు. అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. అదే ఏప్రిల్లో, సరిగ్గా తొమ్మిది రోజులకు, 24న, 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు ఇవ్వాలన్నది దాంతోనే. ఈ రెండో సంగతి మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. రిజర్వేషన్ వచ్చింది కాబట్టి ఆడవాళ్ళు బయటికి వచ్చారని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు. మా వైపు ఆడవాళ్ళు అప్పటికే బయట ఉన్నారు. చెరువు కట్ట మీద కూర్చుని ఉన్నారు. కుర్చీయే వాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది.

సారా పోయాక మిగిలిన డబ్బుతో రోజుకొక రూపాయి పొదుపు మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి అనేవాళ్ళు. ఆ లెక్కల పుస్తకం రాసింది మా అమ్మ. అక్షరాలకన్నా అంకెలు ఆమెకు తొందరగా పట్టుబడ్డాయి.

1995 ఎండాకాలంలో పంచాయతీ ఎన్నికలు అన్నారు. "ఈసారి మనూరు లేడీస్‌కి వచ్చింది" అని రచ్చబండ దగ్గర చెప్పుకున్నారు. ఆ సాయంత్రమే పెద్దమనుషులు నలుగురు మా ఇంటికి వచ్చారు. వచ్చింది నాయన కోసం. అమ్మ కాఫీలు ఇచ్చి తలుపు వెనకాల నిలబడింది. "మీ ఇంటామె పేరు పెడదాం, నీకు ఇష్టమేనా?" అని నాయనని అడిగారు. ఆయన సరేనన్నారు. తలుపు వెనకాల ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు.

వాళ్ళు అమ్మని ఎందుకు ఎంచుకున్నారో నాకు తర్వాత అర్థమైంది. నాయన మెతక మనిషి, చెప్పినట్టు వింటాడు. ఆయన చేత చెప్పిస్తే ఆమె సంతకం పెడుతుంది. అంతే వాళ్ళ లెక్క. పొదుపు గుంపు ఆడవాళ్ళ లెక్క వేరే. "మన లెక్కల్లో ఒక్క రూపాయి తేడా రానీలేదు, ఊరి లెక్క మాత్రం రానిస్తుందా?" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. కరపత్రం అచ్చేయించారు. దాంట్లో నాయన చేతులు జోడించుకున్న ఫోటో పెద్దది, అమ్మది దాని పక్కన చిన్నది. "ఫలానా గారి సతీమణి" అని మొదటి వరస. అమ్మ పేరు రెండో వరసలో. అవతలి అభ్యర్థి కరపత్రంలో అయితే ఆమె ఫోటోనే లేదు.

నలభై ఒక్క ఓట్లతో అమ్మ గెలిచింది. మొదటి పూలదండ నాయన మెడలో పడింది.

సర్పంచ్ అనే మాట మా వైపు పేపర్లోనే చూసేవాళ్ళం. అందరి నోటా ప్రెసిడెంటే. ఆ మర్నాటి నుంచి నాయన "ప్రెసిడెంటు గారు" అయిపోయారు. మంచి మనిషే, ఒకరి పైసా ముట్టలేదు. కానీ ఆ పిలుపు ఆయనకు తీపిగా ఉండేది. పంచాయతీ ఆఫీసులో మీటింగుకు ఆయనే వెళ్ళేవారు. అమ్మ పొలానికి వెళ్ళేది. సాయంత్రం బిల్లు కలెక్టరు ఎర్ర గుడ్డ అట్ట వేసిన తీర్మానాల పుస్తకం చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, చెయ్యి చెంగుకి తుడుచుకుని, అతను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేది. ‘క్ష’ దగ్గర ఆగేది. అతను ఓపిగ్గా నిలబడేవాడు. పుస్తకం తిరిగి ఆఫీసుకు వెళ్ళిపోయేది.

అలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. ఒకరోజు మాత్రం బిల్లు కలెక్టరు మంచినీళ్ళు అడిగాడు. అమ్మ లోపలికి వెళ్ళింది. పుస్తకం అరుగు మీద తెరిచి ఉంది. అప్పుడు నేను పదో తరగతి, కనపడిన కాగితమల్లా పైకి చదివే అలవాటు. ఊర చెరువులో చేపలు పట్టుకునే హక్కు మూడేళ్ళకు ఒకాయనకు ఇస్తున్నట్టు రాసి ఉంది. ఇంత రొక్కానికి అని ఒక అంకె. కింద "సభ్యులందరూ ఏకగ్రీవముగా ఆమోదించి తీర్మానించడమైనది" అని. పైన "అధ్యక్షత" అని అమ్మ పేరు.

నీళ్ళ చెంబుతో వచ్చిన అమ్మ గడప దగ్గర ఆగింది.

"అధ్యక్షత అంటే ఏంది మ్మే?"

"నువ్వు ముందు కూర్చుని మీటింగు జరిపించావని."

"ఎప్పుడంట?"

"మొన్న మంగళవారం."

"మంగళారం నేను కలుపుకి పోయినా కదా."

ఇంకేమీ అనలేదు. అరుగు మీద కూర్చుని, నన్ను ఆ పేజీ అంతా మళ్ళీ చదవమంది. నా వేలు పదం కింద జరుగుతుంటే ఆమె వేలు దాని వెనకే జరిగింది. అంకె దగ్గర ఆగి, "ఇది మూడేళ్ళకా, ఏడాదికా?" అని అడిగింది. మూడేళ్ళకే. చెరువు నిండా చేపలున్న ఊరికి అది ఎంత తక్కువో పొదుపు లెక్కలు రాసిన మనిషికి చెప్పనక్కరలేదు. పుస్తకం మూసి బిల్లు కలెక్టరు చేతికిచ్చింది. గొంతు పెంచకుండా చెప్పింది:

"కార్యదర్శి సారుతో చెప్పు నాయనా. అందరూ ఉండగా చదివి వినిపించమను. అప్పుడు పెడతా సంతకం."

ఆ రాత్రి మా ఇంట్లో అన్నం సరిగా ఎవరూ తినలేదు. ఒక్క మాటైనా తనని అడక్కుండా పుస్తకం వెనక్కి పంపిందని నాయనకు కోపం. పెద్దమనుషులు రెండుసార్లు వచ్చి వెళ్ళారు. "మీ ఇంటామెకి నువ్వు చెప్పుకోలేవా?" అన్న మాట అరుగు మీద నుంచి నాకు వినపడింది. నాయన రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఇంట్లో టెన్షన్, చదువు మీద మనసు నిలవలేదు. అంతా నా వల్లే జరిగిందని భయం. అమ్మ మాత్రం రోజూలాగే పొలానికి వెళ్ళింది, వచ్చింది, వండింది.

మూడో రోజు పొద్దున నాయన సైకిలు బయటికి తీసి తుడిచారు. అమ్మని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని పంచాయతీ ఆఫీసు దాకా తొక్కారు. నేను వెనకాల పరుగెత్తాను. గుమ్మం దగ్గర దించి, "పోయిరా" అన్నారు. ఆయన లోపలికి వెళ్ళలేదు. ఎదురుగా ఉన్న చింతచెట్టు కింద సైకిలుకి ఆనుకుని మీటింగు అయ్యేదాకా నిలబడ్డారు. ఆ తర్వాత కూడా ఆయన్ని ప్రెసిడెంటు గారూ అని పిలిచేవాళ్ళు ఉన్నారు. "ప్రెసిడెంటు ఇంట్లో ఉంది, పిలవమంటావా?" అనేవారు.

చేపల పాట డప్పు కొట్టించి, ఊరందరి ముందు మళ్ళీ పెట్టారు. ముందు అనుకున్న మొత్తానికి రెట్టింపు దాటింది. మా పంచాయతీకి ఇంటి పన్నులు వచ్చేది అంతంతమాత్రం, చెరువే దానికి పాడిగేదె. ఆ డబ్బుతోనే కాలనీకి మంచినీళ్ళ పైపు వేశారు.

కాలనీ నుంచి ఒకామె వార్డు మెంబరుగా గెలిచింది. కట్ట మీద అమ్మ పక్కన కూర్చున్న మనిషే. పంచాయతీ గదిలో మాత్రం గుమ్మం పక్కన నేల మీద కూర్చునేది. మిగతా వాళ్ళంతా బల్లల మీద. ఇది అమ్మ కంటికి ఆనడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ విషయం అమ్మే నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ బాధపడుతూనే. "పైకి వచ్చి కూర్చో" అంటే ఆమె "నాకు ఇక్కడే బాగుండాది అమ్మా" అందట. ఆ మాట ఎందుకు వచ్చిందో అమ్మకు అర్థమైంది. తర్వాతి మీటింగుకు బల్లలు తీయించి వరండాలో పెట్టించింది. గదంతా జంబుకానా పరిపించి ముందుగా తనే కింద కూర్చుంది. మోకాళ్ళ నొప్పులని గొణిగిన వాళ్ళు గొణిగారు. కానీ అమ్మ పదవిలో ఉన్నన్నాళ్ళూ అందరూ ఆ జంబుకానా మీదే కూర్చున్నారు. అమ్మ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే. ఏ రికార్డులోనూ ఇది లేదు.

గ్రామసభ సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందు పొద్దున పదకొండింటికి పెట్టేవాళ్ళు. ఆ వేళకు ఆడవాళ్ళు మడిలో వంగి ఉంటారు. సంతకాల కాగితంలో మాత్రం వాళ్ళ వేలిముద్రలు ఉండేవి, ఇళ్ళకు తీసుకెళ్ళి వేయించుకొచ్చినవి. అమ్మ కూలీ గుంపుల దగ్గరికే వెళ్ళి ఎప్పుడైతే వస్తారని అడిగింది. పొద్దుగూకే ముందు, పొలం నుంచి ఇంటికి వచ్చే దారిలో అయితే వస్తామన్నారు. ఇంటికి వెళ్ళారంటే మళ్ళీ బయటికి రాలేరు, పొయ్యి పని ఉంటుంది. అందుకని సభ ఊరి మొదట్లో, కాలనీకీ వీధికీ మధ్య ఉన్న మర్రిచెట్టు కింద పెట్టించింది. కాళ్ళకు బురదతోనే వచ్చి కూర్చునేవాళ్ళు. వీధి దీపం, బోరింగు, మురికి కాలవ, రేషను షాపు తీసే వేళలు. మగవాళ్ళ సభలో ఎప్పుడూ రోడ్డు గురించే మాట్లాడేవాళ్ళు. ఇక్కడ మాత్రం నీళ్ళ గురించి. నీళ్ళు తెల్లవారి నాలుగింటికి వదులుతున్నారు, అయిదున్నరకి మార్చండి అని ఒకామె అడిగితే వెంటనే మార్చేశారు. పైసా ఖర్చు లేని పని. అంతవరకూ ఎవరూ అడగలేదు, ఎందుకంటే బిందె మోసేవాళ్ళు ఎవరూ ఆ గదిలో లేరు.

జరగనివీ ఉన్నాయి. కాలనీ మురికి కాలవ అమ్మ హయాంలో పూర్తి కాలేదు. 1995 జనవరిలో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. మా ఊళ్ళో బ్రాందీ షాపు వద్దని గ్రామసభలో అందరూ చేతులెత్తారు, అమ్మ తీర్మానం రాయించి పైకి పంపింది. జవాబు రాలేదు. షాపు వచ్చింది. అది తెరిచిన రోజు అమ్మ చెరువు కట్ట మీదికి వెళ్ళి చాలాసేపు ఒక్కతే కూర్చుంది. పిలవడానికి వెళ్ళిన నాకు ఆమె ముఖం చూసి మాట రాలేదు.

1998లో ఒకరోజు పేపరు చదివి వినిపిస్తున్నాను. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ సర్పంచ్ ఫాతిమా బీకి ఐక్యరాజ్యసమితి అవార్డు, న్యూయార్క్ వెళ్ళి కోఫీ అన్నన్ చేతుల మీదుగా అందుకుందని వచ్చింది. మన రాష్ట్రంలో, మా అమ్మతో పాటే గెలిచిన ఒక పల్లెటూరి ప్రెసిడెంటు. అమ్మ ఆ ఫోటోని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆ పేపరు ముక్క కత్తిరించి పొదుపు పుస్తకం అట్ట లోపల అంటించుకుంది. ఇప్పటికీ ఉంది, పసుపు రంగుకి తిరిగి.

2001లో మా ఊరి రిజర్వేషన్ మారిపోయింది. అమ్మ దిగిపోయింది. అప్పుడు వరసకు నాకు వదిన అయ్యే ఆమెను వార్డు మెంబరుగా నిలబెడదామని చూశారు. సభల్లో ధైర్యంగా మాట్లాడే మనిషి, పొదుపు గుంపు లీడరు. నామినేషన్ దగ్గరే ఆగిపోయింది. మూడో బిడ్డ ఉంది కాబట్టి పోటీకి పనికిరాదన్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఆ నిబంధన ఉండేది. ఆ మూడో కాన్పు వద్దని మా వదిన ఎంత ఏడ్చిందో ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు. మగపిల్లాడు కావాలన్నది ఆమె అత్తగారు, మా అన్న. బిడ్డ కావాలో వద్దో తేల్చింది వాళ్ళు, అనర్హురాలైంది ఆమె. ఈ అన్యాయం నేను మర్చిపోలేను. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధన తీసేశారని తెలిసి వదినకు ఫోన్ చేశాను. "అవునా" అంది. కాసేపటికి "పాపకు చెప్తా" అంది. పాప అంటే ఆ మూడో బిడ్డే. మగపిల్లాడి కోసం కంటే పుట్టిన ఆడపిల్ల. ఇప్పుడు డిగ్రీ చదివి ఊళ్ళోనే ఉంది.

2011లో సగం సీట్లు ఆడవాళ్ళకు ఇస్తూ చట్టం మార్చారు, 2013 ఎన్నికలు ఆ లెక్కనే జరిగాయి. 2021 ఫిబ్రవరిలో ఓటు వేయడానికి హైదరాబాదు నుంచి ఊరికి వెళ్ళాను. సర్పంచ్‌కి గులాబీ రంగు బ్యాలెట్టు. ఈసారి నిలబడింది మా చిన్నాయన కొడుకు భార్య. గోడ మీద పోస్టరు చూసి కాసేపు నిలబడిపోయాను. ఆమె ఫోటో నిలువెత్తున ఉంది. మా తమ్ముడి ఫోటో కింద మూలన, మిగతా వాళ్ళతో కలిసి. గెలిచింది. ఆమె చేతిలో ఫోన్ ఉంది, ఊరి వాట్సాప్ గ్రూపు ఉంది, సచివాలయంలో కంప్యూటరు ఉంది. మా తమ్ముడు మాత్రం అప్పుడప్పుడూ బండి మీద ముందే బయల్దేరి ఆఫీసులో కూర్చుంటాడని విన్నాను. అదింకా పోలేదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనుల జాబితాకి సభ ఆమోదం తీసుకోవాలి. అంతకు ముందు రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది, కంటికి నల్ల అద్దాలు. చీకటి పడ్డాక మరదలు కాగితాలు పట్టుకుని వచ్చింది. సిమెంటు రోడ్లు, పశువుల షెడ్లు, పంట కుంటలు, వరసగా నంబర్లు వేసి ఉన్నాయి.

"అత్తా, రేపు సభలో పెట్టేది ఇదే. నీకు ఒకసారి చూపిద్దామని."

"కళ్ళు కనపడవు కదమ్మా నాకు. చదువు."

ఆమె చదువుతోంది. అమ్మ మంచం పట్టె మీద వేలితో ఒక్కో పనికి ఒక్కో గీత గీస్తోంది. పద్నాలుగు గీతలయ్యాయి. వేలు ఆగింది.

"కాలనీ మురిక్కాలవ ఎన్నో నంబరు?"

మరదలు మొదటి పేజీకి తిప్పింది. రెండోదీ చూసింది. నా వైపు చూసింది.

"లేదత్తా."

అమ్మ అద్దాలు సర్దుకుని లేచి కూర్చుంది.

"పెన్నుందా? మొదటి నించీ చదువు. పదిహేనోది నేను చెప్తా, రాసుకో."